తోక ఎత్తిన తొమ్మిది

సూర్యప్రకాశరావు అంకుల్ నాలుగో బిస్కట్ తినలేదు.

శనివారం నుంచి బుధవారం దాకా అది సాసర్‌లో అలాగే ఉంది. పక్కన కప్పులో టీ అడుగంటి, గోధుమరంగు గీతలా ఎండిపోయింది. నేను బిస్కట్ల డబ్బా మూత తీసి లెక్కపెట్టాను. పన్నెండు పట్టే డబ్బాలో ఎనిమిదున్నాయి. సాసర్‌లోది ఒకటి. అంటే ఆయన తిన్నవి మూడే.

"బిస్కట్లు లెక్కవెడితే ఏమొస్తదక్కా?" అంది ఇషా. గోడకి ఆనుకుని నిలబడి, స్వెట్టర్ చేతుల్ని అరచేతుల్లోకి లాక్కుంటోంది. "నాలుగింటికి డిటెక్టివ్ వస్తడు. ఇప్పుడు మూడు కావొస్తాంది."

"అందుకే లెక్కపెడుతున్నా."

ఇషాది జగిత్యాల. ఇక్కడ ఎమ్మెస్ చేస్తోంది. అంకుల్ ఒక్కరే ఉండే ఈ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటుంది. శనివారం సాయంత్రం ఐదూ ఇరవైకి, బేస్‌మెంట్ మెట్ల కింద అంకుల్ తలకి దెబ్బ తగిలి పడి ఉండటం మొదట చూసింది తనే. 911కి ఫోన్ చేసిందీ తనే. ఆయన ఇంతవరకూ కళ్ళు తెరవలేదు. కాలు జారి పడ్డారని రెండు రోజులు అందరం అనుకున్నాం. సోమవారం నుంచి మాత్రం, ఎవరో తోశారనీ, ఆ ఎవరో ఇషాయేననీ మాట పుట్టింది. ఇవాళ కౌంటీ డిటెక్టివ్ వచ్చి ఇషాని ప్రశ్నలడుగుతాడు. అరెస్టు అనే ఒక్క మాట రికార్డులోకెక్కితే తన F-1 స్టూడెంట్ వీసా సంగతి ఏమవుతుందో నాకంటే తనకే బాగా తెలుసు.

నేను డిటెక్టివ్‌ని కాను. మొగుడి వీసాతో వచ్చిన H-4 మీద ఉన్నదాన్ని, ఫీజు తీసుకుని ఏ పనీ చెయ్యకూడదు. పెళ్ళయి నాలుగు నెలలు. వర్జీనియాలో ఈ షాంటిలీలో దిగిన మూడో రోజు రుత్విక్ నన్ను లైబ్రరీకి తీసుకెళ్ళి, నా పేరు మీద కార్డు చేయించి, "ఇదే నా మొదటి కానుక" అన్నాడు. ఆ కార్డు మీద తెచ్చుకున్న మొదటి పుస్తకంతో డన్‌ఫారా పిచ్చి పట్టింది. స్కాట్లాండ్‌లో డన్‌ఫారా అనే చిన్న ఊరు. ఎప్పుడూ వాన. పోస్టాఫీసు నడిపే ఎల్స్‌పత్ అనే ఆవిడ ఉత్తరాలు సర్దుతూ సర్దుతూనే హంతకుల్ని పట్టుకుంటుంది. మొత్తం పద్నాలుగు పుస్తకాలు. ఆ ఊళ్ళో రొట్టెలవాడు ఏ పూట కొట్టు మూస్తాడో కూడా నాకు తెలుసు. నేను వేసుకున్న పసుపు రెయిన్‌కోటు కూడా ఆ పిచ్చి చూసి రుత్విక్ కొన్నదే. ఇవాళ బయట ఎండ కాస్తోంది. అయినా వేసుకొచ్చాను. ధైర్యం కోసం.

ఆ పుస్తకాలు చదవడానికి మాకో బుక్ క్లబ్ ఉంది. అంకుల్‌తో సహా ఆరుగురం. నడిపేది ఉమ ఆంటీ. ఆదివారాలు పిల్లలకి తెలుగు బడి చెప్తారు. ఇక్కడి తెలుగు సంఘం మాసపత్రికలో సీరియల్ రాస్తారు, వచ్చే శనివారమే దానికి అవార్డు ఇస్తున్నారు. క్లబ్బుకి ఆంటీ పెట్టిన నియమం ఒక్కటే: పుస్తకాలు వరసగా చదవాలి, ఎవరూ ముందుకి దూకకూడదు. ఇప్పుడు ఆరో పుస్తకంలో ఉన్నాం. హాస్పిటల్‌లో అంకుల్ దగ్గర వంతులవారీగా కూర్చోడానికి పట్టిక వేసిందీ ఆంటీయే. ఇవాళ మధ్యాహ్నం వంతు నాది. "కొత్త పెళ్ళికూతురివి, హాస్పిటల్లో ఏం కూర్చుంటావమ్మా, నేను చూసుకుంటాలే" అని పొద్దున్నే ఫోన్ చేసి మరీ మార్చుకున్నారు. దేవతలాంటి మనిషి అనుకుని, దొరికిన ఆ రెండు గంటల్లో ఇక్కడికొచ్చాను.

"ఇషా, శనివారం మళ్ళీ మొదట్నుంచి చెప్పు. టైములతో సహా."

"ఎన్నిసార్లు ప్రణీతక్కా!"

"ఇంకొక్కసారి."

"నాలుగున్నర దాకా ల్యాబ్‌ల ఉన్న. బయటికొచ్చేటప్పుడు కార్డు గీకిన, నాలుగూ ముప్పై ఒకటి. ఐదింటికి ఇల్లు చేరిన. నాది వెనక తలుపు గదా, సీదా నా రూంలకి పోయి స్నానం చేసిన. ఐదూ ఇరవైకి బట్టలు ఉతుకుదామని మెట్ల దిక్కు వస్తే..." ఆగిపోయింది.

"ఆయనకీ నీకూ గొడవేంటి?"

"గొడవ గాదు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నడు. ఆయన తమ్ముని కొడుకు వస్తుండట. నాకు కోపమొచ్చింది. పైకి విన్పడేటట్టు ఫోన్ల మా అమ్మతోని తిట్టిన." కళ్ళు తుడుచుకుంది. "ముసలోడు అన్నగని, సావాలని అన్లేదక్కా."

"ఆ మాట డిటెక్టివ్ అడిగితే దాచకు. ఉన్నదున్నట్టు చెప్పు."

నేను హాల్లోకి నడిచాను. వీధి తలుపు. దానికి ఎడమ పక్కనే బేస్‌మెంట్ తలుపు. కుర్చీ దగ్గర్నుంచి ఇక్కడికి తొమ్మిది అడుగులు. పదమూడు మెట్లు. మెట్ల అంచుల్లో కార్పెట్ ఎక్కడా లేచి లేదు, లైటు వెలుగుతోంది.

"ఆయన పడిపోయినప్పుడు కళ్ళజోడు ఉందా?"

"ఉండె. చెయ్యి పక్కనే పడ్డది. సగం అద్దాలది."

సగం అద్దాలది చదువుకునే జోడు. అది పెట్టుకుని నడిస్తే నేల ఊగుతుందని అంకుల్ కుర్చీలోంచి లేచే ముందే తీసి జేబులో పెట్టుకుంటారు. క్లబ్బులో ప్రతిసారీ చూసేవాళ్ళం. మెట్ల దగ్గర నిలబడి ఆ జోడు పెట్టుకున్నారంటే, అక్కడ ఏదో చదువుతున్నారు. మెట్ల దగ్గర నిలబడి ఒక్కళ్ళూ ఎందుకు చదువుకుంటారు? ఎవరికో చూపించడానికి.

డోర్‌బెల్ మోగింది. రెండోసారి మోగేలోపే తలుపు తెరుచుకుంది.

"ఏమ్మా పుస్తకాల పోలీసూ, పంచనామా అయిందా?"

ఆంజనేయప్రసాద్ గారు. పల్నాడులో సీఐగా చేసి రిటైరయ్యారు. కూతురింటికి ఆరు నెలల వీసా మీద వచ్చారు, ఆ ఇల్లు ఇదే వరసలో ఉంది. శనివారం అంబులెన్స్ చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన వాళ్ళలో ముందాయనే. ఇషా మీద మాట పుట్టించిందీ ఆయనే. చేతిలో రెండు జిప్‌లాక్ సంచులున్నాయి. ఒకదాంట్లో లైబ్రరీ పుస్తకం, ఇంకోదాంట్లో చిన్న చీటీ.

"మీరు సాక్ష్యం ఇంటికి పట్టుకెళ్ళారా అంకుల్?"

"మెట్ల పైన, తలుపు దగ్గర నేల మీద పడుంది. ఇక్కడి పోలీసులు యాక్సిడెంటని చెప్పి దాటుకుని పోయారు. నేను తియ్యకపోతే వాక్యూమ్ క్లీనర్‌లోకి పోయేది." సోఫాలో కూర్చుని ఇషా వైపు చూడకుండా చూశారు. "స్కాట్లాండులో ముసలమ్మలు టీ తాగుతా హంతకుల్ని పట్టుకుంటారేమో. నా సర్కిల్లో అట్టా కుదర్లేదు. ముప్పై రెండేళ్ళ సర్వీసు. నాకు కావాల్సింది టైము."

"చెప్పండి, ఏం టైము?"

"ఆయన లైబ్రరీ రసీదు ఒకటీ నలభై. శనివారం సరిగ్గా రెండింటికి పుస్తకం తెరుస్తాడని మీ క్లబ్బోళ్ళే చెప్పారు. పేజీకి రెండు నిమిషాలు. అవునా?"

అవును. అంకుల్ కౌంటీలో ఇంజనీరుగా చేశారు, ఏదైనా కొలిచి చేస్తారు. గంటకి ముప్పై పేజీలు. "అంతకంటే జోరుగా చదివితే డన్‌ఫారా వానలో తడవకుండా వెళ్ళిపోతాం" అంటారు.

"లేచేటప్పుడు పేజీ మడవడు, చీటీ మీద నంబరు రాసి పెడతాడు. అదీ తెలుగు అంకెల్లో. ఇదిగో. తొంభై నాలుగు." సంచీ పైకెత్తారు. "తొంభై నాలుగు పేజీలంటే నూట ఎనభై ఎనిమిది నిమిషాలు. రెండింటికి కలుపు. ఐదూ ఎనిమిది. అప్పటిదాకా మనిషి కులాసాగా చదువుకుంటన్నాడు. ఐదూ ఇరవైకి మెట్ల కింద పడున్నాడు. ఆ పన్నెండు నిమిషాల్లో ఇంట్లో ఉన్నదెవరు?"

ఇషా గోడ వదిలి ముందుకొచ్చింది. "నేను స్నానం చేస్తున్న అంకుల్. దేవుని మీద ఒట్టు."

"ఒట్లు నా దగ్గర పనిచెయ్యవు తల్లీ. స్టేట్‌మెంటు పొద్దున్నే డిటెక్టివ్‌కి ఈమెయిల్ చేసేశాను. మా మనవరాలు సాన్వి ఇంగ్లీషులో టైపు చేసింది."

"అలా ఎలా పంపేశారు?" నా గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. "బిస్కట్ చూశారా మీరు?"

"బిస్కట్టా?"

"ఆయనకి షుగర్. అధ్యాయానికి ఒక్కటే, అదీ పూర్తయ్యాకే. మూడు తిన్నారు. నాలుగోది బయటికి తీశారు, నోట్లో పెట్టుకోలేదు. తొంభై నాలుగు పేజీలు చదివితే ఐదు అధ్యాయాలైనా అయిపోవాలి కదా?"

"ఆకలి లేదేమో."

"ఆయనకా? డన్‌ఫారా చదువుతూనా?"

"చూడమ్మా, బిస్కట్టుతో కోర్టులో నిలబడలేం. అంకె అంకే."

"అయితే ఆ అంకే చూపించండి."

సంచీ ఇచ్చారు. పల్చటి పెన్సిల్ రాత. నేను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక్క చూపు చాలింది.

౬౪.

"అంకుల్, ఇది తొంభై నాలుగు కాదు. అరవై నాలుగు."

"నీకెట్టా తెలుసు? మీ తరానికి తెలుగు అంకెలా!"

"మా పెళ్ళి ఆరో తేదీన. శుభలేఖలో అన్నీ తెలుగు అంకెల్లోనే ఉండాలని మా మావగారి పట్టుదల. ప్రింటింగ్ ప్రెస్సులో ౬ బదులు ౯ వేశారు. ప్రూఫు చూసినవాళ్ళెవరికీ ఆ అంకెలు రావు. అంకెలు రానివాళ్ళందరికీ ఫోన్లు చేసి తేదీ చెప్పాం. మావగారి వైపు పెద్దవాళ్ళకి మాత్రం అంకెలు చక్కగా వచ్చు. ఇరవై ముగ్గురు, మా పెళ్ళయిన మూడో రోజున, పట్టుబట్టల్లో, బస్సేసుకుని దిగారు. ఆ రెండంకెల మధ్య తేడా నాకు కల్లో కూడా తెలుస్తుంది."

ఇషా ఏడుస్తూనే నవ్వింది. ప్రసాద్ గారు నవ్వలేదు.

"అరవై నాలుగైతే..."

"నూట ఇరవై ఎనిమిది నిమిషాలు. నాలుగూ ఎనిమిది. అప్పుడు ఇషా ల్యాబ్‌లో ఉంది. కార్డు రికార్డు ఉంది." సంచీ ఆయన ఒళ్ళో పెట్టాను. "నాలుగో అధ్యాయం ఆఖరి పేజీ అరవై నాలుగేనేమో చూడండి. బిస్కట్ తీసుకున్నారు. బెల్ మోగింది. చీటీ రాసి లేచారు. మీకు దీన్ని తొంభై నాలుగని ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, ఉమమ్మ. పిల్లలకి అవే నేర్పుతుంది కదాని అడిగాను."

"తొందర్లో పొరబడి ఉంటారు. ఆంటీ చేతే చెప్పిద్దాం, మీకూ నమ్మకం కుదురుతుంది." ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టాను.

నాలుగో రింగుకి ఎత్తారు. వెనకాల హాస్పిటల్ మెషీన్ల చప్పుడు. "చెప్పు బంగారం. రుత్విక్‌తో సినిమాకెళ్ళావా?"

"లేదాంటీ. చిన్న డౌటు. బళ్ళో పిల్లలకి ఆరుకీ తొమ్మిదికీ తేడా ఎలా చెప్తారు?"

ఆంటీ నవ్వారు. "అదా! ఆరు బుద్ధిగా కూర్చుంటుంది, తొమ్మిది తోక ఎత్తుతుంది. పాటలా పాడిస్తాను. ఆ సాన్వి అయితే ఇల్లంతా అదే పాడుతుందట. ఎందుకమ్మా?"

"రావు అంకుల్ చీటీ చూస్తున్నాం. దీనికి తోక లేదాంటీ."

స్క్రీన్ మీద సెకన్లు నడుస్తున్నాయి. ఇరవై నాలుగు. ఇరవై ఐదు. ఇరవై ఎనిమిది.

"ఎక్కడున్నావు నువ్వు?" గొంతు అదే. బంగారం మాత్రం లేదు.

"అంకుల్ వాళ్ళింట్లో. ప్రసాద్ గారు, ఇషా కూడా ఉన్నారు."

"పుస్తకం కూడా అక్కడే ఉందా?"

"ఉంది."

ఫోన్ కట్ అయింది.

ప్రసాద్ గారు చీటీని వెలుతురుకి పట్టారు. తర్వాత అన్న మాట నాతో అన్నట్టు లేదు. "తొందర్లో కాదు. చీటీ చేతికే ఇచ్చాను. కళ్ళజోడు తుడుచుకుని, నిమిషంసేపు చూసి మరీ చెప్పింది. అప్పుడు నేను అక్కడే అన్నాను, ఈ నంబరు ముందుదైతే పిల్ల బయటపడుద్ది, తర్వాతదైతే ఇరుక్కుంటుందని." పుస్తకం ఉన్న సంచీ ముందుకి జరిపారు. "పుస్తకం నేనే లైబ్రరీలో ఇచ్చేస్తానని రెండుసార్లు అడిగింది. ఎవిడెన్సు, ఇవ్వనన్నాను. మూడోసారి మా ఇంటికే వచ్చింది."

"ఏ పుస్తకం అది?"

సంచీలోంచి తీశారు. డన్‌ఫారా వరసలో పన్నెండోది. మేమున్నది ఆరులో. లైబ్రరీలో ఏడోది దొరక్క, ఓపిక పట్టలేక అంకుల్ ఇది తెచ్చుకున్నట్టున్నారు. క్లబ్బు నియమం తప్పి, దొంగచాటుగా.

అరవై నాలుగో పేజీ తెరిచాను. నాలుగో అధ్యాయం అక్కడే అయిపోయింది. పేజీ అంచున అంకుల్ పెన్సిల్‌తో ఒక నిలువు గీత, పక్కనే రెండు ఆశ్చర్యార్థకాలు. ఆ గీత పక్కనున్న వాక్యాలు తెలుగు చేస్తూ పైకి చదివాను.

"చేలో దిష్టిబొమ్మకి కొత్త కోటు తొడిగి ఉంది. అది కనిపించకుండా పోయిన పాస్టర్ గారి కోటు. ఎల్స్‌పత్ దాని జేబులో చెయ్యి పెట్టింది. తెల్లటి గులకరాళ్ళు. లెక్కపెట్టింది. ఏడు..."

"ఆగక్కా." ఇషా దగ్గరికొచ్చింది. "ఇది నాకెర్కే. పోస్టుమాస్టర్ కోటు. జేబుల ఏడు చింతపిక్కలు. లంబసింగి స్ట్రాబెర్రీ తోటల. ఉమ ఆంటీ సీరియల్ ఇది!"

నాకూ తెలుసు. ఆ భాగం వచ్చిన నెల వంట మానేసి రుత్విక్‌కి చదివి వినిపించాను. చింతపిక్కల దగ్గర ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం గట్టిగా పట్టుకున్నాం. ఎంత బాగా రాశారో అని ఆంటీకి ఫోన్ కూడా చేశాను.

వరసగా చదవాలి. ఎవరూ ముందుకి దూకకూడదు. ఆ నియమం ఎందుకో ఇప్పుడు అర్థమైంది. పన్నెండోదానికి మేం వచ్చేసరికి అవార్డు ఆంటీ ఇంట్లో గోడకి ఉంటుంది.

"నాలుగూ ఎనిమిదికి బెల్ కొట్టింది ఆవిడే," అన్నాను. "అంకుల్ ఈ పేజీ తెరిచి చూపించారు. నవ్వుతూనే చూపించి ఉంటారు, ఆయనకి కోపం రాదు. చదువుకునే జోడు పెట్టుకుని, ఆ మెట్ల ముందు నిలబడి."

"సంఘంలో చెప్తానని ఉంటాడు," అన్నారు ప్రసాద్ గారు.

మూడూ ముప్పై ఎనిమిదికి బుక్ క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఉమ ఆంటీ. నేను పైకి చదివాను.

"శుభవార్త. రావు గారు కళ్ళు తెరిచారు. నన్ను గుర్తుపట్టారు. నేను పక్కనే ఉన్నాను, ఎవరూ కంగారుపడి రావద్దు."

ప్రసాద్ గారు లేచారు. మోకాలు బల్లకి తగిలి సాసర్ దొర్లింది, నాలుగో బిస్కట్ నేల మీద పడి రెండైంది. నేను హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, తర్వాత పియానో సంగీతం. ఆయన 911 కొట్టి "సార్, వన్ లేడీ, హాస్పిటల్ ఇన్‌సైడ్, డేంజర్ సార్" అని అరుస్తున్నారు. అవతలి మనిషి అడ్రస్ మళ్ళీ మళ్ళీ అడుగుతోంది.

"నీకు కారు డ్రైవ్ చెయ్యడం వచ్చా?" ఫోన్ పక్కకి తీసి నన్నడిగారు.

"లర్నర్స్ పర్మిట్ అంకుల్. మీకు?"

"నాకిక్కడ లైసెన్సే లేదు."

ఇద్దరం ఇషా వైపు చూశాం. తను అప్పటికే కొక్కేనికున్న అంకుల్ కారు తాళం అందుకుంది.

"ఇషా, ఆగు. ఇరవై నిమిషాల్లో డిటెక్టివ్ వస్తాడు. నువ్వు ఇంట్లో లేకపోతే పారిపోయావనే రాసుకుంటాడు. ఈయన ఈమెయిల్ కూడా వాడి చేతిలోనే ఉంది."

"రాసుకోనీ అక్కా." చెప్పుల్లో కాళ్ళు దూరుస్తోంది. "అంకుల్ మళ్ళ కళ్ళు మూస్తే, నేనింట్ల ఉండి ఏం లాభం?"

ప్రసాద్ గారు వీధి తలుపు తెరిచి పట్టుకున్నారు. "పోండి. నేనిక్కడే గడప మీద కూర్చుంటా. వాడొస్తే చెప్తా, పిల్లది తప్పు కాదు, నాదని. నా ఇంగ్లీషు వాడికి అర్థమయ్యేదాకా చెప్తానే ఉంటా." పుస్తకం నా చేతిలో పెట్టారు. "ఇది మాత్రం ఆవిడ చేతికివ్వొద్దు."

కారు వీధి మలుపు తిరిగింది. ఒక చెవిలో పియానో ఇంకా మోగుతూనే ఉంది. నేను పుస్తకాన్ని రెయిన్‌కోటు లోపల దాచి జిప్పు మెడ దాకా లాక్కున్నాను. అప్పుడు ఫోన్ వణికింది. ఈసారి గ్రూపులో కాదు, నా ఒక్కదానికే.

"ఆరులా బుద్ధిగా కూర్చో, ప్రణీతా. తోక ఎత్తకు."